కూలీనా, వార్ 2 నా? చవితి సాయంత్రం నలుగురూ కలిసి వెళ్లాలంటే

2025 ఆగస్టులో, చవితికి ముందు మీరు అడిగింది ఇది: బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్నారు. వినాయక చవితికి నాన్నగారు చిత్తూరు నుంచి వస్తున్నారు. బుధవారం పూజ, భోజనాలు అయ్యాక నలుగురూ కలిసి ఒక యాక్షన్ సినిమాకి వెళ్లాలనుకుంటున్నారు. నాన్నగారు రజనీకాంత్ 'కూలీ' అంటున్నారు, పన్నెండేళ్ల మీ బాబు హృతిక్, ఎన్టీఆర్‌ల 'వార్ 2' అంటున్నాడు. మీరేమో ఎన్టీఆర్ అభిమాని. మీ ఆవిడకి రక్తం తక్కువ ఉంటే ఏదైనా ఒకటే. దేంట్లో ఫైట్లు బాగున్నాయి, దేనికి డబ్బు పెట్టొచ్చు అన్నది మీ ప్రశ్న.

నేను చెన్నైలో, సాలిగ్రామం ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా చాలా ఏళ్లు పనిచేసి బెంగళూరు వచ్చినవాణ్ణి. ఇప్పుడు యాడ్ ఫిల్ములు ఎడిట్ చేసుకుంటున్నాను. ఈ రెండు సినిమాలూ థియేటర్లోనే చూశాను. ఫైట్ల సంగతి వివరంగా చెప్తాను కానీ, మీ విషయంలో అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది.

'కూలీ'కి సెన్సార్ వాళ్లు ఎ సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే 18 నిండనివాళ్లకి హాల్లోకి ప్రవేశం లేదు. పక్కన నాన్న ఉన్నా, తాత ఉన్నా కుదరదు. "మా పిల్లాడే కదా, మాతోనే ఉంటాడు" అని గేటు దగ్గర వాదించే తల్లిదండ్రుల్ని నేను చూసిన మల్టీప్లెక్సులోనే చూశాను. వాళ్లని లోపలికి పంపలేదు. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు, ఎందుకంటే బుక్ చేసేటప్పుడే ఆ షరతు చూపించి మన చేత 'సరే' నొక్కిస్తారు. పిల్లలు కూడా చూడటానికి వీలుండే యు/ఏ ఇవ్వాలని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. ఇది రాసేనాటికి ఆ కేసు తేలలేదు. బుధవారం లోపల ఏదో మారుతుందని నమ్ముకుని నాలుగు టికెట్లు కొనకండి.

'వార్ 2'కి వచ్చింది యు/ఏ 16+. ఈ అంకె చూసి కంగారు పడక్కర్లేదు. ఇదివరకు యు/ఏ అంటే ఒక్కటే ఉండేది. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో దాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఎ లాగా ఇది నిషేధం కాదు, పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోమని చెప్పడం. నా అంచనా ప్రకారం పన్నెండేళ్ల పిల్లాడు చూడకూడనంత హింస అందులో లేదు. తన్నులు, తూటాలు బోలెడు, రక్తం కొంచెమే. హృతిక్, కియారా పాట ఒకటుంది. మామగారి పక్కన కూర్చున్న మీ ఆవిడ ఆ నాలుగు నిమిషాలు ఫోన్ చూసుకుంటారు, లేదా మీరు పాప్‌కార్న్ కోసం లేస్తారు. అంతకుమించి ఇబ్బంది లేదు.

కాబట్టి నలుగురూ ఒకే హాల్లో కూర్చోవాలంటే 'వార్ 2' తప్ప వేరే దారి లేదు. అయితే నాన్నగారి మాట పక్కన పెట్టేయక్కర్లేదు. దానికి ఒక ఉపాయం కింద చెప్తాను. ముందు మీరడిగిన ఫైట్ల విషయానికొద్దాం.

ఫైట్ బాగుందా లేదా అన్నది చూడటానికి మా రూముల్లో ఒక పద్ధతి ఉండేది. దెబ్బ వేయడం, అది తగలడం, తగిలినవాడు పడటం, ఈ మూడూ ఒకే షాట్‌లో ఉన్నాయా, లేక మూడు ముక్కలుగా ఉన్నాయా? ఒకే షాట్‌లో ఉంటే హీరో, ఫైటర్లు కలిసి టైమింగ్ బాగా ప్రాక్టీసు చేశారని అర్థం. ముక్కలుగా ఉంటే సెట్లో జరగనిదాన్ని ఎడిటింగ్ టేబుల్ మీద జరిగినట్టు చేశారన్నమాట. ముక్కలు చేయడం తప్పేం కాదు. కొన్నిసార్లు అలా చేయక తప్పదు. రజనీకాంత్ 1950 డిసెంబరులో పుట్టారు. అంటే 'కూలీ' వచ్చేనాటికి ఆయనకి 74 ఏళ్లు నిండి, 75 నడుస్తోంది. ఆ వయసు మనిషి చేత పదిమందిని కొట్టించాలంటే ఫైట్ మాస్టర్, కెమెరామన్, ఎడిటర్ ముగ్గురూ కలిసి ఒక అబద్ధాన్ని ఒప్పించాలి.

'కూలీ'కి ఫైట్లు కంపోజ్ చేసింది అన్బు, అరివు అనే కవల సోదరులు. 'కేజీఎఫ్'కి జాతీయ అవార్డు తీసుకున్నవాళ్లే. వయసు మీదపడిన హీరోతో ఎలా పని చేయించాలో వాళ్లకి బాగా తెలుసు. ఇలాంటి ఫైట్లలో హీరో కదలడు, కెమెరా కదులుతుంది. ఫైటర్లే ఆయన దగ్గరికి వస్తారు, ఆయన చెయ్యి అడ్డం పెడితే చాలు, మిగతా పనంతా పడేవాడిదే. వైడ్ షాట్‌లో హీరో ముఖం సరిగ్గా కనిపించదు. ముఖం కనిపించే షాట్‌లో నడుము కింద భాగం కనిపించదు. ఈ రెండు షాట్ల మధ్య ఒక మనిషి గాల్లో ఎగిరి బల్ల మీద పడతాడు, మన కన్ను అటు పోతుంది, ఆ లోపల షాట్ మారిపోతుంది. దెబ్బ పడే క్షణంలో సంగీత దర్శకుడు అనిరుధ్ డ్రమ్ము కొడతాడు. ఇదంతా తెలిసి చూసినా నాకు విసుగు రాలేదు. రజనీ కళ్లజోడు తీసే తీరు, వెనక్కి తిరిగి నడిచే తీరు ఫైట్ల మధ్య ఖాళీల్ని నింపేస్తాయి. ఆ ఖాళీల కోసమే డబ్బులిచ్చే జనం 50 ఏళ్లుగా ఉన్నారు. ఆయన మొదటి సినిమా 1975 ఆగస్టు 15న విడుదలైంది, సరిగ్గా 50 ఏళ్లకి ముందు రోజు, ఆగస్టు 14న 'కూలీ' వచ్చింది. మీ నాన్నగారు పట్టుబట్టడంలో వింతేమీ లేదు.

నన్ను అడిగితే 'కూలీ'లో నిజంగా భయపెట్టేది మలయాళ నటుడు సౌబిన్ షాహిర్. దయాల్ అనే పాత్ర. అతను చేసే హింసలో ఫైట్ మాస్టర్ పని చాలా తక్కువ, నటనే ఎక్కువ. నవ్వుతూ ఉన్నవాడు మాట మధ్యలో మారిపోతాడు. ఎ సర్టిఫికెట్ వచ్చిందంటే ఆశ్చర్యం లేనిది ఇలాంటి చోట్లే. శవాల్ని కాల్చేసే ఒక కుర్చీ యంత్రం చుట్టూ కథ తిరుగుతుంది, అది చాలు బాబుని ఇంట్లో ఉంచడానికి. నాగార్జున సైమన్‌గా విలన్. కథలో అతని సామ్రాజ్యం విశాఖ రేవులో. కోటు, నడక, చూపు బ్రహ్మాండం. కానీ విలన్‌గా ఆయనకి ఇచ్చిన పని తక్కువ, నిలబడి ఆజ్ఞలు వేయడమే ఎక్కువ. నాన్నగారు నాగార్జున కోసం కూడా వెళ్తానంటే ఆ మాట ముందే చెప్పండి. రెండో సగంలో పాత్రలు ఎక్కువైపోయి కథ అక్కడక్కడా తడబడుతుంది. ఉపేంద్ర వచ్చినప్పుడు మాత్రం బెంగళూరు హాల్లో వినపడే అరుపులు చెన్నైలో కూడా వినపడి ఉండవు. ఆయన ఇక్కడివాడు కదా. కన్నడ నటి రచితా రామ్ విషయం చెప్తే కథ చెప్పేసినట్టే, ఆపేస్తున్నా.

ఇప్పుడు 'వార్ 2'. ఇక్కడ వ్యవహారం పూర్తిగా తలకిందులు. సినిమా వచ్చేనాటికి హృతిక్‌కి 51, ఎన్టీఆర్‌కి 42. ఇద్దరూ శరీరం మీద అదుపున్న మనుషులు. కాబట్టి ముఖాముఖి ఫైట్లలో ఇద్దర్నీ ఒకే ఫ్రేములో, తల నుంచి కాళ్ల దాకా చూపించే ధైర్యం డైరెక్టర్‌కి ఉంది. మొదట్లో జపాన్‌లో హృతిక్ కత్తి ఫైట్ ఉంటుంది, అందులో కాలు ఎక్కడ పెడుతున్నాడో కనిపిస్తుంది. అది చూసి నేను కుర్చీలో ముందుకి జరిగాను. హాలీవుడ్ స్టంట్ డైరెక్టర్ స్పైరో రజాటోస్, మన అనల్ అరసు లాంటివాళ్లు పనిచేశారు. డబ్బు ఎక్కడ ఖర్చయిందో తెలుస్తూనే ఉంటుంది.

పెద్ద పెద్ద సీన్ల దగ్గరే సినిమా జారిపోయింది. విమానం పైన నిలబడి కొట్టుకునే సీనులో గాలి జుట్టుకి ఒక వేగంతో తగులుతుంది, చొక్కాకి ఇంకో వేగంతో. ముఖం మీద వెలుగు ఒక పక్క నుంచి, వెనక మేఘాల మీద ఇంకో పక్క నుంచి. సీజీ, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్, చేసేవాళ్ల తప్పని నేను అనను. ఆ షాట్లు తీసేటప్పుడే లైటింగ్ సరిగ్గా అనుకుని ఉండాలి, అనుకున్నాక వాళ్లకి టైము ఇవ్వాలి. మనిషికి బరువు లేకపోతే పడిపోతాడన్న భయం మనకి ఉండదు. భయం లేకపోతే అది యాక్షన్ సీన్ ఎలా అవుతుంది? మీ బాబుకి ఇవేమీ పట్టవు, వీడియో గేముల్లో ఇంతకంటే తేలికగా ఎగిరేవాళ్లని రోజూ చూస్తుంటాడు. మీకు మాత్రం పడతాయి.

ఒక మాట చెప్తే నవ్వుతారేమో, ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన పోరాటం పాటలో ఉంది. 'సలామ్ అనాలి'. విడుదలకి ముందు దాన్ని పూర్తిగా బయట పెట్టకుండా థియేటర్ కోసమే దాచారు. దేశంలో డాన్సుకి పేరున్న ఇద్దరు హీరోలు పక్కపక్కన ఒకే స్టెప్పు వేస్తుంటే, కెమెరా చాలాసేపు కదలకుండా పాదాల దాకా చూపిస్తుంది. పైన చెప్పిన కొలతే ఇక్కడ కూడా. ముక్కలు చేయాల్సిన అవసరం లేనివాళ్లు దొరికితే షాట్ అలా నిలబడుతుంది. మీరు ఎన్టీఆర్ అభిమాని కాబట్టి ఈ పాటకే టికెట్టు డబ్బు సగం రాబట్టుకుంటారు. రెండో సగంలో వచ్చే ఫ్లాష్‌బ్యాక్ పొడవు, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. 2019 నాటి మొదటి 'వార్' చూడకపోయినా కథ అర్థమవుతుంది. కబీర్ అనే గూఢచారి ఇప్పుడు ఎవరికీ నమ్మకం లేని మనిషి, అతన్ని పట్టుకోవడానికి విక్రమ్ వస్తాడు. నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పి తీసుకెళ్లండి.

యాక్షన్ సినిమాగా నాకు ఏది నచ్చిందంటారా? నేనొక్కణ్ణే వెళ్లాలంటే 'కూలీ'కి వెళ్తాను. తమిళంలో, రాత్రి ఆటకి, జనం నిండిన హాలుకి. 'వార్ 2'లో పనితనం ఎక్కువ, 'కూలీ'లో మూడు నాలుగు చోట్ల గుండె ఆగుతుంది. నాకు ఆ రెండోదే కావాలి.

ఇక భాష. బెంగళూరులో ఉన్నందుకు మనకి ఉన్న సౌకర్యం ఇదే, ఒకే సినిమాని ఎన్ని భాషల్లోనో ఆడిస్తారు. ఇబ్బందీ అదే. బుకింగ్ యాప్‌లో 'వార్ 2' అని కొట్టగానే పైన వచ్చేవన్నీ హిందీ షోలు. తెలుగువి తక్కువ, కిందెక్కడో ఉంటాయి. తొందరలో నొక్కితే నాన్నగారు మూడు గంటలు హిందీ వినాల్సి వస్తుంది. తెలుగు షోలో ఎన్టీఆర్ గొంతు ఎన్టీఆర్‌దే, హృతిక్‌ది మాత్రం అరువు గొంతు. పేరు పక్కన భాష ఏముందో, సీట్లు ఎంచుకునే పేజీలో ఇంకోసారి చూసుకోండి. 'కూలీ' విషయంలో దీనికి వ్యతిరేకంగా చెప్తాను. నాన్నగారు చిత్తూరు వారు, తమిళం అర్థమవుతుంది కాబట్టి తమిళంలోనే చూపించండి. తెలుగులో రజనీకి 'ముత్తు' కాలం నుంచీ మనో గొంతు మనకి అలవాటే, అది బాగానే ఉంటుంది. కానీ రజనీ మాట విరిచే చోట, మధ్యలో ఆగే చోట ఫైట్‌కి లయ ఉంది. డబ్బింగులో పెదవులకి సరిపోవాలని ఆ ఆగడాలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు నేనన్న ఉపాయం. 'కూలీ', 'వార్ 2' రెండూ మూడు గంటలకి ఓ పది నిమిషాలు తక్కువ. నిడివిలో పెద్ద తేడా లేదు. మీ దగ్గర్లో మల్టీప్లెక్సు ఏదైనా రెండూ ఆడిస్తుంటే, పావుగంట తేడాలో మొదలయ్యే రెండు షోలు చూడండి. మీరూ నాన్నగారూ 'కూలీ'కి, మీ ఆవిడా బాబూ 'వార్ 2'కి. ఎలా చూసినా నాలుగు టికెట్లే కదా, ఖర్చు మారదు. అందరూ ఒకేసారి బయటికి వస్తారు, భోజనం కలిసి చేయొచ్చు. ఇందులో నష్టపోయేది మీరొక్కరే, ఎన్టీఆర్ని తర్వాత ఎప్పుడో చూసుకోవాలి. పండగ పూట నాన్నగారి కోసం ఆ మాత్రం తప్పదు.

ఇలా విడిపోవడం మీ ఆవిడకి నచ్చకపోతే, ఇంకో లెక్క చెప్తాను. తమిళ సినిమాలు ఈ మధ్య నాలుగు వారాలకే ఓటీటీకి వచ్చేస్తున్నాయి. హిందీ సినిమాలకైతే పెద్ద మల్టీప్లెక్సు చెయిన్లు ఎనిమిది వారాల గడువుకి పట్టుబడతాయి. ఆ లెక్కన 'కూలీ' సెప్టెంబరు రెండో వారంలోనే ఇంట్లో కనిపించే అవకాశం ఎక్కువ, 'వార్ 2' రావాలంటే దసరా దాటాలి. అదీకాక 'వార్ 2'లో ఉన్నదంతా పెద్ద తెర కోసం తీసింది, టీవీలో చూస్తే ఆ సీజీ లోపాలే మిగులుతాయి. 'కూలీ'లో సౌబిన్ ముఖం టీవీలో కూడా అంతే భయపెడుతుంది. నాన్నగారు చవితి తర్వాత రెండు వారాలు మీ దగ్గరే ఉంటే ఆ సినిమా బాబు పడుకున్నాక ఇంట్లో చూడొచ్చు. వెంటనే వెళ్లిపోయేలా ఉంటే మాత్రం పైన చెప్పిన రెండు షోల పద్ధతే మంచిది, ఎందుకంటే రజనీ సినిమా ఆయన ఒంటరిగా చిత్తూరులో టీవీ ముందు కూర్చుని చూసే రకం కాదు.

డబ్బు విషయం. విడుదల రోజుల్లో బెంగళూరులో 'కూలీ' టికెట్లు కొన్ని చోట్ల వెయ్యి దాటాయి. ఇది రాసేనాటికి రెండో వారం అయిపోవస్తోంది, ఆ వేడి తగ్గింది. 'వార్ 2'కి షోలు కూడా తగ్గిస్తున్నారు, అందుకే తెలుగు షో కావాలంటే మంగళవారం గౌరీ పండగ రోజే బుక్ చేసుకోండి. టికెట్టు 200 దాటకూడదని కర్ణాటక ప్రభుత్వం 2025 జూలైలో ముసాయిదా నిబంధనలు తెచ్చింది కదా అని కొందరు కౌంటర్ దగ్గర అడిగేవారు. ఇది రాసేనాటికి అది ముసాయిదానే, అమల్లోకి రాలేదు. రిక్లైనర్ల మీద డబ్బు పోయకండి. యాక్షన్ సినిమాకి హాలు పొడవులో మూడింట రెండొంతులు వెనక్కి, మధ్య వరుస సీట్లు చాలు. సౌండ్ అన్ని వైపుల నుంచీ సమంగా వచ్చేది అక్కడే. ముందు వరుసల్లో కూర్చుంటే 'వార్ 2' చేజింగులకి పెద్దాయనకి తల తిరుగుతుంది.

నాన్నగారితో మీరిద్దరే 'కూలీ'కి వెళ్లేలా ఉంటే మల్టీప్లెక్సు కంటే పెద్ద సింగిల్ స్క్రీన్ మేలు. లాల్‌బాగ్ దగ్గర ఊర్వశిలో గానీ, అలాంటి ఇంకో హాల్లో గానీ ఆడుతోందేమో చూడండి. ఈల వేసేవాడు పక్కన లేకపోతే రజనీ సినిమాకి సగం రుచి పోతుంది. 2025 ఆగస్టులో పసుపు లైన్ మెట్రో మొదలైంది కాబట్టి సిల్క్ బోర్డు ట్రాఫిక్ తలనొప్పి మీకు లేదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఎక్కి ఆర్‌వీ రోడ్డులో ఆకుపచ్చ లైనుకి మారితే లాల్‌బాగ్ స్టేషన్‌కి వస్తారు, అక్కడి నుంచి ఆటో. మొదలైనప్పుడు రైళ్లు మూడే ఉండేవి, 25 నిమిషాలకి ఒకటి. అందుకని ఆటకి గంటన్నర ముందు బయల్దేరండి. రాత్రి ఆటకైతే తిరుగు ప్రయాణంలో చివరి రైలు దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే క్యాబ్ డబ్బు కలుపుకోండి.

బుధవారం మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య మొదలయ్యే షో తీసుకోండి. పూజ, భోజనం, కాసేపు కునుకు అన్నీ అయిపోతాయి. చీకటి పడ్డాక వీధి పందిళ్ల దగ్గర రోడ్లు నిండిపోతాయి. 'వార్ 2' అయ్యాక పేర్లు పడుతున్నాయి కదా అని వెంటనే లేచిపోకండి. తర్వాత రాబోయే సినిమా గురించి బాబీ డియోల్‌తో ఒక చిన్న సీను ఉంది, అది చూడకుండా వస్తే దారంతా బాబు మిమ్మల్ని వదలడు.